పెద్దవాళ్లకు ఆటిజం నిర్ధారణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉంటూ, పద్దెనిమిదేళ్లు దాటాక "నాకు ఆటిజం ఉందేమో" అన్న అనుమానం మొదలైనవాళ్ల కోసం ఈ పేజీ. మన దగ్గర ఆటిజం సేవలు చాలావరకు పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఏర్పడ్డవే. పెద్దవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలి, వెంట ఏం పట్టుకెళ్లాలి అన్నవి ముందే తేల్చుకుంటే సగం పని అయినట్టే. ఏ టెస్టు పెట్టారన్నదానికంటే ఫలితం ఈ రెండింటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

నాకు ముప్పై ఐదేళ్లు. ఈ వయసులో ఆటిజం వస్తుందా?

రాదు. ఆటిజం అంటే నలుగురితో కలవడం, మాట్లాడటం, అలవాట్లు, ఇంద్రియాల విషయంలో పుట్టుకతో ఉండే తేడా. అయితే అది ముప్పై ఐదేళ్లకు బయటపడటం మామూలే. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే ప్రామాణిక పుస్తకం డీఎస్ఎం-5 (2013లో వచ్చింది, 2022లో సవరించారు) ఈ సంగతి స్పష్టంగానే చెబుతుంది: లక్షణాలు చిన్నతనంలోనే ఉండాలి, కానీ చుట్టూ ఉన్న ప్రపంచం అడిగేది మనిషి శక్తిని మించేదాకా అవి పూర్తిగా కనిపించకపోవచ్చు. నేర్చుకున్న ఉపాయాలు వాటిని కప్పేయవచ్చు కూడా. ఊళ్లో, ఇంట్లో, అందరూ తెలిసినవాళ్ల మధ్య నెట్టుకొచ్చిన మనిషి హాస్టల్‌కి వెళ్లినప్పుడో, మొదటి ఉద్యోగంలోనో, పెళ్లయి కొత్త ఇంట్లో అడుగుపెట్టినప్పుడో ఒక్కసారిగా కుదేలవుతారు. సొంత బిడ్డకు నిర్ధారణ అవుతుంటే, డాక్టరు అడిగే ప్రతి ప్రశ్నా తమకే వర్తిస్తున్నట్టు గుర్తించే తల్లిదండ్రులూ చాలామంది ఉంటారు.

ఆన్‌లైన్ టెస్టులో ఎక్కువ స్కోరు వచ్చింది. అది చాలదా?

చాలదు. ఆ టెస్టులు చెప్పేది "అసెస్‌మెంట్‌కి వెళ్లడం అర్థవంతమా" అన్నది మాత్రమే. ఎక్కువగా కనిపించేవి ఇవి: కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2001లో ప్రచురించిన ఏక్యూ (50 ప్రశ్నలు, 32 లేదా ఆపైన వస్తే గమనించాలి), దాని పొట్టి రూపం ఏక్యూ-10 (6 లేదా అంతకంటే ఎక్కువ వస్తే నిపుణుల దగ్గరికి పంపాలి), రాడ్స్-ఆర్ (80 ప్రశ్నలు, 65 మార్కులు హద్దు గీత), ఆటిజం లక్షణాలను దాచుకునే అలవాటును కొలిచే క్యాట్-క్యూ (25 ప్రశ్నలు). విపరీతమైన ఆందోళన, ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని సమస్య), పాత మానసిక గాయాలు ఉన్నా వీటిలో స్కోరు పెరుగుతుంది. ముఖ్యంగా రాడ్స్-ఆర్ ఆటిజం లేనివాళ్లలో కూడా గీత దాటుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఆ ప్రశ్నలు మన జీవితాన్ని చూసి రాసినవి కావు. పార్టీ కన్నా లైబ్రరీ ఇష్టమా అని అడుగుతారు. జీవితంలో పార్టీకే వెళ్లనివాళ్లు ఏం చెప్పాలి? అలాంటిచోట ప్రశ్న వెనకున్న ఉద్దేశం పట్టుకోండి. బంధువుల ఇంట్లో వ్రతానికి వెళ్లడం, గదిలో ఒక్కరే కూర్చోవడం ఈ రెండిట్లో ఏది మీకు విశ్రాంతి అని అడుగుతున్నట్టు లెక్క. స్కోరు షీటుకన్నా, ఏ ప్రశ్నకు "అవును" అన్నారో, దానికి మీ జీవితంలోని ఉదాహరణ ఏమిటో పక్కన రాసుకున్న కాగితమే డాక్టరుకు పనికొస్తుంది.

డాక్టరు అసలు ఏం వెతుకుతారు?

రెండు గుంపుల లక్షణాలు. మొదటి గుంపులో మూడూ ఉండాలి: మాటల్లో ఇచ్చిపుచ్చుకోవడం కష్టంగా ఉండటం, చూపు, సైగ, ముఖకవళికలను వాడటంలోనూ చదవడంలోనూ తేడా, స్నేహాలు కుదుర్చుకుని నిలుపుకోవడంలో ఇబ్బంది. రెండో గుంపులో నాలుగింటికి కనీసం రెండు ఉండాలి: ఒకే కదలికను లేదా మాటను పదేపదే చేయడం, అలవాటు మారితే తట్టుకోలేకపోవడం, ఒకే విషయం మీద అసాధారణమైన ధ్యాస, శబ్దం, వాసన, స్పర్శ లాంటివి అతిగా తగలడం లేదా అసలు తగలకపోవడం. ఇవి చిన్నప్పటి నుంచీ ఉండాలి, రోజువారీ జీవితాన్ని ఇబ్బంది పెడుతూ ఉండాలి. మేధో వైకల్యం వంటి వేరే కారణమే వీటన్నిటినీ మెరుగ్గా వివరించేలా ఉండకూడదు.

చూపు విషయంలో ఒక మాట. పెద్దల ముందు తల దించుకోవడం మన దగ్గర మర్యాద. డాక్టరు ముందు మీరు కళ్లలోకి చూడకపోవడం ఒక్కటే దేన్నీ తేల్చదు. తోటివాళ్లతో, తమ్ముడితో, భార్యతో మాట్లాడేటప్పుడు చూపు ఎలా ఉంటుందో చెప్పండి. చూడగలిగినా లోపల "మూడు సెకన్లు చూశాను, ఇక పక్కకు తిప్పాలి" అని లెక్కపెట్టుకుంటుంటే అది తప్పక చెప్పాల్సిన విషయం.

ఇంద్రియాల సంగతికి వస్తే, పెళ్లిలో బాజాలు, మైకుసెట్టు, కుక్కరు విజిల్, తిరగమోత ఘాటు, మెడకు ఒరుసుకునే జరీ, చేత్తో పెరుగన్నం కలపలేకపోవడం: ఇవన్నీ పెద్ద విషయాలే. చెబితే నవ్వుతారని దాచకండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్టు, లేదా క్లినికల్ సైకాలజిస్టు. ఇద్దరూ కలిసి చూస్తే ఇంకా మంచిది. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) ఇచ్చే సీఆర్‌ఆర్ (రిజిస్ట్రేషన్) నంబరు ఉండాలి. కౌన్సెలర్లు, లైఫ్ కోచ్‌లు, పిల్లల థెరపీ సెంటర్లు ఇచ్చే కాగితం నిర్ధారణ కింద చెల్లదు. ఎంఆర్‌ఐ, ఈఈజీ, రక్తపరీక్షలతో ఆటిజం తేలదు. మూర్ఛ లాంటి వేరే అనుమానం ఉంటే తప్ప వాటికి డబ్బు పోయనక్కర్లేదు.

ప్రభుత్వ పరంగా హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, మంగళగిరి ఎయిమ్స్, బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ. బెంగళూరు నిమ్హాన్స్‌కు మన రెండు రాష్ట్రాల నుంచీ ఎప్పటినుంచో వెళ్తున్నారు. ఎర్రగడ్డ అనగానే ఇంట్లో హడలిపోతే, వెళ్తున్నది ఓపీకి అని, చేర్చుకోవడానికి కాదని స్పష్టంగా చెప్పండి.

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఫోన్‌లో ఏం అడగాలి?

"మీరు ఆటిజం చూస్తారా?" అని అడిగితే అందరూ చూస్తామనే అంటారు. అక్కడికి వెళ్లాక పిల్లల ప్రశ్నాపత్రం చేతిలో పెడతారు. అందుకే ఇలా అడగండి: పద్దెనిమిది దాటినవాళ్లకు మొదటిసారి నిర్ధారణ చేస్తారా? ఎన్ని సిట్టింగులు? చిన్నప్పటి విషయాలు ఇంట్లోవాళ్లను అడుగుతారా, ఫోన్‌లో అయినా కుదురుతుందా? తెలుగులో మాట్లాడతారా? చివర్లో వివరంగా రాసిన రిపోర్టు ఇస్తారా, దాని మీద ఎవరు సంతకం పెడతారు? అన్నీ కలిపి మొత్తం ఎంత? సిట్టింగుకి ఇంత అని మాత్రమే చెప్పి, రిపోర్టుకు విడిగా తీసుకునే చోట్లు ఉంటాయి. ఫోన్‌లో మాట్లాడటమే కష్టమైతే ఈ ప్రశ్నలనే వాట్సాప్‌లో పంపండి. రాతపూర్వకంగా జవాబు ఉండటం మీకే మేలు.

ఇరవై నిమిషాల్లో "ఉంది" అన్నా "లేదు" అన్నా ఆ మాటకు విలువ తక్కువ. పెద్దవాళ్ల అసెస్‌మెంట్‌కు సాధారణంగా ఒకటికంటే ఎక్కువ సిట్టింగులు పడతాయి.

వెంట ఏం తీసుకెళ్లాలి?

రెండు, మూడు పేజీల నోటు. అంతకంటే ఎక్కువ రాస్తే ఓపీలో చదివే తీరిక ఎవరికీ ఉండదు. పైన చెప్పిన ఏడు లక్షణాలను శీర్షికలుగా పెట్టుకుని, ఒక్కోదాని కింద చిన్నప్పటిది ఒకటి, ఇప్పటిది ఒకటి ఉదాహరణ రాయండి. "నాకు మార్పు నచ్చదు" అని రాస్తే అందరికీ వర్తిస్తుంది. "బస్సు రూటు మార్చారని ఆ రోజు ఆఫీసుకు వెళ్లకుండా తిరిగొచ్చేశాను" అని రాస్తే డాక్టరుకు ఆధారం దొరుకుతుంది. ఎంత తరచుగా జరుగుతుంది, తేరుకోవడానికి ఎంతసేపు పడుతుంది, దానివల్ల ఏం నష్టపోయారు అన్నవీ చేర్చండి.

దాంతోపాటు బడి ప్రోగ్రెస్ కార్డులు, ముఖ్యంగా టీచర్లు మాటల్లో ఏమైనా రాసినవి. పాత ప్రిస్క్రిప్షన్లు అన్నీ. ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు, మోతాదు. అసెస్‌మెంట్ కోసమని మందులు మీ అంతట మీరు ఆపకండి. వినికిడి అనుమానం ఉంటే ఆడియోమెట్రీ చేయించుకుని ఆ కాగితమూ పెట్టుకోండి. సరిగా వినపడకపోవడం కూడా సంభాషణలో ఇలాంటి ఇబ్బందుల్నే తెస్తుంది.

చిన్నప్పటి సంగతులు అమ్మను ఎలా అడగాలి?

ఎక్కువ అసెస్‌మెంట్లు దెబ్బతినేది ఇక్కడే. "చిన్నప్పుడు నాలో ఏమైనా తేడా ఉండేదా?" అని అడిగితే ఏ తల్లైనా "నీకేం నాన్నా, బంగారంలా ఉండేవాడివి" అంటుంది. తన పెంపకాన్ని తప్పుపడుతున్నారేమోనన్న భయం ఒకటి. పైగా మన ఇళ్లలో ఒంటరిగా ఆడుకునే పిల్లను బుద్ధిమంతురాలనీ, ఎదురు చెప్పని పిల్లాణ్ని నెమ్మదస్తుడనీ మెచ్చుకుంటారు. ఆ మెప్పుల్లోనే మీకు కావలసిన సమాచారం దాగి ఉంటుంది.

అందుకే తేడా గురించి అడగొద్దు, జరిగినది అడగండి. గోరుముద్దలు పెడుతూ చందమామను చూపిస్తే అటు చూసేదాన్నా, నీ వేలునే చూసేదాన్నా? నాకు ఏదైనా కనిపిస్తే నీకు వేలుపెట్టి చూపించేదాన్నా, లేక నీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేదాన్నా? పేరు పెట్టి పిలిస్తే తిరిగేదాన్నా? మాటలు ఎప్పుడొచ్చాయి, అక్కకంటే ముందా, ఆలస్యంగానా? మీరన్న మాటనే తిరిగి అనేదాన్నా? బువ్వాలాట, బొమ్మల పెళ్లి ఆడేదాన్నా, లేక లక్కపిడతలను వరసగా పేర్చి ఎవరైనా కదిపితే ఏడ్చేదాన్నా? చుట్టాలొస్తే ఏం చేసేదాన్ని? ఏం తినేదాన్ని కాదు? తలంటు పోస్తే, జుట్టు దువ్వితే, కొత్త బట్టలు వేస్తే ఎలా ఉండేదాన్ని? బడిలో ఎవరి పక్కన కూర్చునేదాన్ని?

తల్లిదండ్రులకు "అక్కకంటే ముందా" అన్న పోలిక నెలల లెక్కకన్నా బాగా గుర్తుంటుంది. తేదీలు తేలకపోతే పండగలతో, ఊరు మారిన ఏడాదితో ముడిపెట్టి అడగండి. అమ్మమ్మ, పిన్ని, పెద్దక్క కూడా మంచి సాక్షులే. కొన్నిసార్లు అమ్మకంటే సూటిగా చెబుతారు. ఒకే రోజు అన్నీ అడిగి విసిగించకుండా పాత ఫొటోల ఆల్బం ముందేసుకుని కూర్చోండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "మొండిది", "పలుకే బంగారం", "లోకం తెలీదు" అని వాళ్లంటే "ఆటిజం లక్షణం" అని మార్చి రాయొద్దు.

అమ్మానాన్న లేరు, లేదా వాళ్లకు చెప్పడం ఇష్టం లేదు. అప్పుడు?

అసెస్‌మెంట్ ఆగదు. పెద్దవాళ్లకు వాళ్ల సమ్మతే చాలు, ఇంట్లోవాళ్ల అనుమతి అవసరం లేదు. అన్నదమ్ములు, చిన్ననాటి స్నేహితులు, జీవిత భాగస్వామి చెప్పే మాటలు, బడి రికార్డులు, మీ సొంత జ్ఞాపకాలు ఆధారాలవుతాయి. సాక్ష్యం తక్కువైన సంగతి రిపోర్టులో రాస్తారు, దాని వల్ల నిర్ధారణ కొంత జాగ్రత్తగా చేస్తారు.

ఆ రోజు ఏం జరుగుతుంది?

ఎక్కువ భాగం మాటలే. బాల్యం, చదువు, ఉద్యోగం, స్నేహాలు, నిద్ర, తిండి, మానసిక స్థితి అన్నీ అడుగుతారు. కొన్నిచోట్ల ఆడాస్-2 అనే ఆటిజం పరిశీలన పరీక్ష చేస్తారు. ధారాళంగా మాట్లాడే పెద్దవాళ్లకు అందులో నాలుగో మాడ్యూల్ ఉంది, 40 నుంచి 60 నిమిషాలు పడుతుంది. మాటల్లేని బొమ్మల పుస్తకం చూపి కథ చెప్పమంటారు, స్నేహం, ఒంటరితనం గురించి మాట్లాడిస్తారు. ఇందులో తప్పు జవాబులు ఉండవు. మీరెలా చెబుతున్నారన్నది చూస్తారు. ఆడాస్‌ను ఎదురెదురుగా కూర్చుని చేయడానికే రూపొందించారు కాబట్టి వీడియో కాల్‌లో చేస్తామంటే ఒప్పుకోకండి. ఇంటర్వ్యూ భాగం మాత్రం వీడియోలో జరగొచ్చు. ఆడాస్ లేకపోయినా అనుభవమున్న డాక్టరు చేసిన నిర్ధారణ చెల్లుతుంది.

ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని, నవ్వులు సాధన చేసి, ఇంటర్వ్యూకి వెళ్లినట్టు వెళ్లకండి. ఏళ్ల తరబడి నేర్చుకున్న నటన డాక్టరును కూడా మోసం చేస్తుంది. కాళ్లు ఊపాలనిపిస్తే ఊపండి. ట్యూబులైటు ఇబ్బందిగా ఉంటే చెప్పండి. నోట మాట రాకపోతే నోటు అందించండి.

ప్రశ్నను అక్షరాలా అర్థం చేసుకోవడం వల్ల వచ్చే ప్రమాదం ఒకటుంది. "మీకు గొంతులు వినిపిస్తాయా?" అంటే "వినిపిస్తాయి" అని చెప్పినవాళ్లు పక్కింటివాళ్ల గొంతుల గురించి చెబుతుండవచ్చు. "మీ వెనకాల మాట్లాడుకుంటున్నారనిపిస్తుందా?" అంటే, బావలూ వదినలూ నిజంగానే మాట్లాడుకుంటున్నారాయె. ఈ జవాబులతో వ్యవహారం స్కిజోఫ్రేనియా (లేని గొంతులు వినిపించే, లేనిపోని అనుమానాలు పుట్టే జబ్బు) వైపు మళ్లగలదు. ప్రశ్న రెండు రకాలుగా అర్థమైతే, "ఎవరూ లేనప్పుడా అడుగుతున్నారు?" అని తిరిగి అడగండి.

ఆడవాళ్లలో ఎందుకు ఎక్కువగా తప్పిపోతుంది?

నోట్లో నాలుక లేని పిల్ల అంటే మన దగ్గర మంచి పిల్ల. తోటి ఆడపిల్లలను గమనించి, వాళ్ల మాట తీరునూ నవ్వునూ అచ్చుగుద్దినట్టు అనుకరించి, ఇంటికొచ్చాక గంటల తరబడి తలుపేసుకుని పడుకోవడం ఎవరి కంటా పడదు. ఆసక్తులు కూడా చూడటానికి మామూలుగా ఉంటాయి: ముగ్గులు, ఒక సీరియల్, పిల్లులు. ఏ విషయమన్నది కాదు, ఎంత లోతుగా, ఆపితే ఏమవుతుందన్నది డాక్టరుకు చెప్పాలి. బయట అరగంట మాట్లాడటానికి ముందు ఎంత సాధన, తర్వాత ఎంత అలసట అన్నదీ చెప్పండి. ఆందోళన, డిప్రెషన్, బోర్డర్‌లైన్ పర్సనాలిటీ (భావోద్వేగాలు, సంబంధాలు తీవ్రంగా ఊగిసలాడే సమస్య) అన్న పాత నిర్ధారణలు ఉంటే దాచొద్దు. అవి ఆటిజంతో కలిసీ ఉండొచ్చు. ఏడీహెచ్‌డీ కూడా అంతే; రెండూ ఒకే మనిషికి రాయడానికి డీఎస్ఎం 2013 నుంచి ఒప్పుకుంటోంది.

"పెళ్లయింది, ఉద్యోగం చేస్తున్నారు, మీకు ఆటిజం ఏమిటి?" అని పంపేశారు.

పెళ్లి, ఉద్యోగం ఆటిజాన్ని తోసిపుచ్చే ప్రమాణాలు కావు. ఆ మాట అన్నచోట వాదనకు దిగకుండా, "ఏ ప్రమాణం సరిపోలేదో రాసిస్తారా?" అని అడిగి, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. కానీ పూర్తిగా పరీక్షించి, కారణాలు చెప్పి, "ఇది సోషల్ యాంగ్జైటీ" (నలుగురిలో తీవ్రమైన భయం) లేదా "ఓసీడీ" (ఒకే ఆలోచన, ఒకే పని వదలకపోవడం) అన్నారనుకోండి, ఆ మాటను గౌరవంగా తీసుకోవాలి. వాటికి చికిత్సలు బాగా పనిచేస్తాయి. ఆశించిన జవాబు వచ్చేదాకా డాక్టర్లను మార్చుకుంటూ పోతే చివరికి ఎవరో ఒకరు ఇస్తారు, దానివల్ల అసలు సమస్య అలాగే మిగులుతుంది.

రిపోర్టులో ఏమేమి ఉండాలి?

పేరు, పుట్టిన తేదీ, చూసిన తేదీలు, ఎవరెవరితో మాట్లాడారు, ఏ టెస్టులు, వాటి స్కోర్లు, ఒక్కో ప్రమాణానికి మీ జీవితంలోని ఆధారం, వేరే ఏ అవకాశాలు పరిశీలించి పక్కన పెట్టారు, ఎంత సాయం అవసరం (డీఎస్ఎంలో 1, 2, 3 స్థాయిలు), సూచనలు, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. "ఆటిస్టిక్ ట్రెయిట్స్ ఉన్నాయి" అని ఒక్క వాక్యం రాసిన లెటర్‌హెడ్ ఆఫీసులోనూ, వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డులోనూ నిలబడదు. అక్కడే కూర్చుని పేరు, తేదీలు సరిచూసుకోండి.

ఈ రిపోర్టుతో వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా?

దానంతట అది రాదు. నిర్ధారణ వేరు, సర్టిఫికెట్ వేరు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ కోసం యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో సదరం (వైకల్య పరీక్ష శిబిరం) స్లాటుకు గ్రామ, వార్డు సచివాలయాన్నీ, తెలంగాణలో మీసేవనూ అడగవచ్చు. స్లాటు ఇచ్చిన రోజున ఏ ఆసుపత్రిలో ఏ డాక్టర్లు ఉంటారో ముందే కనుక్కోండి. సైకియాట్రిస్టు లేని రోజు వెళ్తే తిరిగి రావాల్సిందే.

అసలు అడ్డంకి కొలమానం దగ్గర వస్తుంది. ఇక్కడ వాడుతూ వచ్చిన ఐఎస్ఏఏ అనే భారతీయ స్కేలులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 లోపు వస్తే ఆ స్కేలు లెక్కలో ఆటిజం లేనట్టే. 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. బాగా మాట్లాడుతూ ఉద్యోగం చేసే మనిషికి అందులో చాలా అంశాలు పైకి కనిపించవు; నిర్ధారణ ఉన్నా స్కోరు 70 చేరకపోవచ్చు. అందుకే బోర్డు ముందుకు వివరమైన రిపోర్టుతో, మీ రోజువారీ ఇబ్బందులు కళ్లారా చూసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. బోర్డు నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోని 59వ సెక్షన్ ఇస్తుంది.

సర్టిఫికెట్ ప్రకారం వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతం కోటాలోనూ (ఆటిజం వచ్చే గుంపుకు అందులో 1 శాతం), ఉన్నత విద్యలో 5 శాతం కోటాలోనూ అర్హత ఉంటుంది. ఆదాయపు పన్నులో (1961 చట్టంలో ఇది 80యూ సెక్షన్ కింద వచ్చేది) రూ.75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే రూ.1,25,000 మినహాయింపు ఉంది. అది పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే.

ఆఫీసులో చెప్పాలా?

చెప్పి తీరాలన్న నియమం లేదు. లేబుల్ చెప్పకుండానే చాలా అడగవచ్చు: పనులు మాటల్లో కాకుండా మెయిల్‌లో ఇవ్వమని, కూర్చునే చోటు క్యాంటీన్ పక్క నుంచి మార్చమని, హెడ్‌ఫోన్స్‌కు ఒప్పుకోమని. చెప్పాలనుకుంటే ముందు కంపెనీ సమాన అవకాశాల విధానం చదవండి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ దాన్ని ప్రచురించాలి. ఆ తర్వాత హెచ్‌ఆర్‌కు మెయిల్‌లోనే రాయండి. పూర్తి రిపోర్టు ఇవ్వనక్కర్లేదు, డాక్టరు రాసిన ఒక పేజీ సారాంశం చాలు.

పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. నిర్ధారణ చేయించుకుంటే చెడిపోతుందేమో?

ఈ భయంతోనే చాలామంది ఏళ్లు వాయిదా వేస్తారు. వైద్య రికార్డు మీ అనుమతి లేకుండా ఊళ్లోకి వెళ్లదు. కానీ పెళ్లాడబోయే మనిషికి ముందే చెప్పాలన్నది మా గట్టి అభిప్రాయం. పెద్దల ద్వారా చెప్పిస్తే మాట వంకర తిరుగుతుంది. మీరే నేరుగా, ఆటిజం అన్న పేరుతో మొదలుపెట్టకుండా, "ఫంక్షన్లలో గంటకంటే ఉండలేను, రోజూ కొంతసేపు ఒంటరిగా ఉండాలి, మనసులో ఉన్నది చెప్తేనే నాకు అర్థమవుతుంది" అని కాపురంలో ఎదురయ్యే సంగతులుగా చెప్పండి.

నిర్ధారణ అయ్యాక మందులుంటాయా?

ఆటిజానికి మందు లేదు. తోడుగా ఉన్న ఆందోళన, డిప్రెషన్, ఏడీహెచ్‌డీ, నిద్రలేమికి ఉన్నాయి. స్టెమ్ సెల్ చికిత్స అని లక్షలు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. ఆటిజానికి దాన్ని సిఫార్సు చేయబోమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే తేల్చింది.

విదేశాల్లో ఉంటున్నాం. అక్కడ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. ఇంగ్లండ్‌లో జీపీ (కుటుంబ డాక్టరు) ద్వారా రెఫరల్ తీసుకోవాలి. నిరీక్షణ ఎక్కువగా ఉంటే "రైట్ టు చూజ్" కింద వేరే సంస్థను ఎంచుకోవచ్చా అని జీపీని అడగండి. అమెరికాలో పెద్దవాళ్ల అసెస్‌మెంట్‌ను మీ ఇన్సూరెన్సు భరిస్తుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మతో అక్కడి డాక్టరు మాట్లాడాల్సి వస్తే తెలుగు దుబాసీని అడగండి. మీరే అనువదిస్తే అమ్మ మీ ఎదుట చెప్పలేనివి చెప్పదు, మీరూ కొన్నిటిని తెలియకుండానే సర్ది చెబుతారు.

అపాయింట్‌మెంట్ నెలల తర్వాత ఉంది. ఈలోగా ఏం చేయాలి?

నిర్ధారణ లేకున్నా మీకు సాయపడేవి మొదలుపెట్టవచ్చు: చెవుల్లో ఇయర్‌ప్లగ్స్, పనికీ పనికీ మధ్య ఖాళీ, ముందురోజే రాసుకున్న ప్రణాళిక, తప్పించుకోగల ఫంక్షన్లు తప్పించుకోవడం. అవి ఎంత పనిచేశాయో రాసుకుంటే అదీ అసెస్‌మెంట్‌లో ఆధారమే. బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే మాత్రం ఆ తేదీ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా 108కి చేయండి. అక్కడ "ఆటిజం అనుమానం ఉంది, శబ్దం తక్కువగా ఉన్నచోట కూర్చోబెట్టండి" అని చెప్పేందుకు ఒక చీటీ రాసి పర్సులో ఉంచుకోండి.